అందరి డిజైన్, ఎవరి పూచీ?

(మంచిర్యాలలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఊరంతా ఫిట్టర్ సారు అని పిలుచుకున్న పెద్దమనిషి పేరు మీద మాట్లాడమని నన్ను పిలిచారు. అది నాకు దక్కిన గౌరవం. సారు దగ్గర పని నేర్చుకున్నవాళ్లు సింగరేణి వర్క్‌షాపుల్లో ఉన్నారు, సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశారు, రైల్వేలో ఉన్నారు, సొంతంగా లేతు మిషన్లు పెట్టుకున్నారు. ఏ యంత్రమైనా ముందు విప్పించి, భాగాలు వరుసగా పేర్పించి, ఆ తర్వాతే బిగించడం నేర్పేవారు సారు. విప్పి చూసే హక్కు ప్రతి పనివాడికీ ఉందని నమ్మిన మనిషి. అందుకే ఆ హక్కుకు సంబంధించిన అంశాన్నే ఈ రోజు ఎంచుకున్నాను. ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్‌లో పెద్ద ఆశయాలతో మొదలైన పనులు నిలవడం ఎందుకింత కష్టం? నిలిచినవి ఏ బలంతో నిలిచాయి?

1. గీతలు బయట పెడితే సరిపోతుందా?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీకు కొత్త కాదు. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లినక్స్ కెర్నెల్ మీదే. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యమం పిల్లలు తెలుగులో పలికే లినక్స్‌ను తయారు చేశారు. హార్డ్‌వేర్‌లోనూ సూత్రం అదే. యంత్రం డ్రాయింగులు, సర్క్యూట్ పటాలు, కొలతలు, విడిభాగాల జాబితా అన్నీ బయట పెడతారు. ఎవరైనా చదవచ్చు, చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, చేసి అమ్ముకోవచ్చు. దీనికి అంతర్జాతీయంగా ఒక నిర్వచనం 2011లో కుదిరింది. అదే ఏడాది యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాల హార్డ్‌వేర్ కోసమే ప్రత్యేకంగా ఒక లైసెన్సు రాసింది.

అయితే సాఫ్ట్‌వేర్‌కూ యంత్రానికీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. ప్రోగ్రామును లక్షసార్లు కాపీ చేసినా ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. యంత్రం అలా కాదు. ప్రతి కాపీకీ ఇనుము కావాలి, కరెంటు కావాలి, మనిషి చెమట కావాలి. ప్రోగ్రాములో తప్పు దొరికితే సరిచేసిన కోడ్ రాత్రికి రాత్రి అందరికీ చేరుతుంది. యంత్రంలో తప్పు దొరికితే, ఊళ్లో బిగించిన ప్రతి యంత్రం దగ్గరికీ పానా పట్టుకుని ఒక మనిషి పోవాలి. ఆ మనిషి దారి ఖర్చు ఎవరిస్తారు? ఓపెన్ హార్డ్‌వేర్ ప్రాజెక్టుల్లో చాలావరకు ఆగిపోయేది ఈ ప్రశ్న దగ్గరే.

మన ఊరి చెరువు ఊరందరిదీ. కానీ తూము ఎత్తడానికి, దించడానికి, ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చూడడానికి నీరడి ఉండేవాడు. పంట కల్లానికి వచ్చాక అతని వంతు ధాన్యం అతనికి కొలిచేవారు. అందరిదైన చెరువు నిలిచింది ఒకరికి పని అప్పగించి, ఆ పనికి వంతు కట్టినందుకు. ఈ రోజు నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. డిజైన్‌ను అందరికీ ఇచ్చేయడం సగం పని. దాన్ని కనిపెట్టుకుని ఉండే పూచీని కొందరికి అప్పగించి, ఆ పూచీకి కూలి కట్టడం మిగతా సగం. మొదటి సగానికి మనం చప్పట్లు కొడతాం. రెండో సగానికి డబ్బు ఎవరూ కేటాయించరు.

2. బోరింగు కథ

దీనికి రుజువు కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. మన బడి ముందర, గుడి పక్కన, గూడెం మధ్యలో నిలబడ్డ బోరింగును చూడండి. మనం ఉత్త బోరింగు అనే ఆ చేతిపంపు అసలు పేరు ఇండియా మార్క్ టూ. ప్రపంచంలో ఇంత విస్తారంగా వాడిన ఓపెన్ డిజైన్ యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. దాని మీద పేటెంటు లేదు. కొలతలు ఎవరైనా తీసుకోవచ్చు. ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ అన్న పేరు పుట్టక ముందే ఆ పని చేసి చూపించిన యంత్రం అది.

1960ల చివర్లో బిహార్‌లోనూ ఇతర రాష్ట్రాల్లోనూ కరువు వచ్చింది. గట్టి రాతి నేలల్లో లోతుగా బోర్లు వేయడానికి యునిసెఫ్ రిగ్గులు తెప్పించింది. నీళ్లు పడ్డాయి, ఆ బోర్ల మీద పోత ఇనుము పంపులు బిగించారు. అవి పాశ్చాత్య దేశాల్లో ఒక రైతు కుటుంబం వాడుకోవడానికి పుట్టిన పంపులకు నకళ్లు. మన దగ్గర ఒక్కో పంపును పొద్దున లేచింది మొదలు వందల మంది కొట్టేవారు. హ్యాండిళ్లు విరిగాయి, పిన్నులు అరిగాయి. 1970ల నడిమికి వచ్చేసరికి, చూసిన చోట్ల నాలుగు పంపుల్లో మూడు పనిచేయడం లేదని తేలింది. భూమిలో నీళ్లున్నాయి, బోరు ఉంది, పంపు మాత్రం మూలకు పడింది.

దారి చూపింది పెద్ద కంపెనీ కాదు, చిన్న వర్క్‌షాపులు. ఒకప్పుడు నిజాం సంస్థానంలో భాగమైన జాల్నాలో మిషనరీల వర్క్‌షాపు ఒకటి ఉక్కుతో గట్టి పంపు చేసింది. తర్వాత షోలాపూర్ వెల్ సర్వీస్ ఆ దారిలో ఇంకా మెరుగైన పంపు తయారు చేసింది. హ్యాండిల్ చివర వంపు తిరిగిన ముక్క, దాని మీద చైను, చైనుకు వేలాడే రాడ్లు. హ్యాండిల్ ఎటు వంగినా రాడ్డు మాత్రం నిటారుగానే లేస్తుంది. పక్కలకు ఒరుసుకోదు కనుక అరుగుదల తగ్గింది. యునిసెఫ్, మద్రాసులోని ప్రభుత్వ పరిశోధన సంస్థ మెరాడో, ప్రభుత్వ రంగంలోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ కలిసి షోలాపూర్ పంపును పునాదిగా తీసుకుని కొత్త డిజైన్ గీశాయి. నమూనాలను కోయంబత్తూరు ప్రాంతంలో జనం వాడే బోర్ల మీదే పెట్టి పరీక్షించారు. 1970ల చివరికి ఉత్పత్తి మొదలైంది. 1979లో భారత ప్రమాణాల సంస్థ దానికి ఐఎస్ 9301 అనే ప్రమాణం ప్రకటించింది.

3. బోరింగును నిలబెట్టినవి

డ్రాయింగులు బయట పెట్టడంతో ఈ పంపు దేశమంతా పాకలేదు. నాలుగు ఏర్పాట్లు కలిసి దాన్ని నిలబెట్టాయి.

మొదటిది ప్రమాణం. ఏ కంపెనీ చేసినా చైను అదే, రాడ్డు అదే, మర అదే. ఒక ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పంపుకు ఇంకో ఫ్యాక్టరీ వాషర్ పట్టాలి. ఇది రాసినంత తేలిక కాదు. ప్రతి మార్పూ కమిటీలో చర్చకు రావాలి, ప్రతి కొలతకూ ఎంత తేడా ఓర్చుకోవచ్చో తేల్చాలి. మంచిర్యాల మెకానిక్ హైదరాబాద్ నుంచి వచ్చిన రాడ్డును చెన్నై నుంచి వచ్చిన సిలిండర్‌కు బిగించగలుగుతున్నాడంటే, వెనుక కొందరు ఏళ్ల తరబడి కూర్చుని ఆ కాగితం పని చేశారని అర్థం.

రెండోది తనిఖీ. డిజైన్ అందరిదీ అయినప్పుడు పల్చటి రేకుతో చేసి తక్కువ ధరకు అమ్మేవాడు కూడా వస్తాడు. యునిసెఫ్ తను కొనే పంపులకు స్వతంత్ర తనిఖీ పెట్టింది. ఫ్యాక్టరీలోనే కొలిచి, పాసైన పంపునే తీసుకునేది. ఆ తనిఖీ కొనుగోలులో భాగంగానే ఉండేది. నాణ్యత చూసే పని ఎవరి దయ మీదా ఆధారపడలేదు.

మూడోది కొనేవాళ్లు. కేంద్ర ప్రభుత్వం గ్రామీణ నీటి పథకం కింద 250 మందికి ఒక పంపు, మనిషికి రోజుకు 40 లీటర్లు అని లెక్క పెట్టుకుంది. రాష్ట్రాలు ఏటా కొన్నాయి. ఆర్డర్లు వస్తాయన్న నమ్మకం ఉంటేనే ఫ్యాక్టరీ యజమాని అచ్చులు చేయిస్తాడు. ఆ నమ్మకంతోనే అనేక కంపెనీలు ముందుకొచ్చాయి. 1990ల నడిమికి ప్రపంచమంతా కలిపి ఈ పంపులు 50 లక్షల దాకా బిగించారని అంచనా.

నాలుగోది రిపేరు. ఇది అన్నిటికన్నా కష్టమైనది, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మొదట అనుకున్న ఏర్పాటులో మూడు మెట్లున్నాయి. ఊళ్లో పంపు చూసుకునే మనిషి ఒకరు, బ్లాకు స్థాయిలో మెకానిక్, జిల్లా స్థాయిలో ముక్కాలి స్టాండు, పనిముట్లతో జీపు మీద తిరిగే జట్టు. మార్క్ టూలో సిలిండర్ అడుగున ఉంటుంది. తోలు వాషర్ అరిగితే చాలు, కింది దాకా ఉన్న పైపులన్నీ ఒక్కొక్కటే లాగాలి. జట్టు ఒక్కటి, ఊళ్లు వందలు. పది రూపాయల వాషర్ కోసం ఆడబిడ్డలు నెలల తరబడి వాగు చెలమలకు పోవాల్సి వచ్చేది. ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు కొండల మీది గూడేలకు ఆ జీపు చేరడమే గగనమయ్యేది.

ఆ లోపాన్ని ఒప్పుకుని సరిదిద్దడానికి ప్రయత్నం జరిగింది. 1980ల్లో ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కోయంబత్తూరు దగ్గర ఏళ్ల తరబడి పంపులను కనిపెట్టి చూశారు. ఏ భాగం ఎన్నాళ్లకు పోతోందో రాసుకున్నారు. తోలు వాషర్ బదులు నైట్రైల్ రబ్బరు వాషర్ పెడితే చాలాకాలం మన్నుతుందని తేలింది. లావు పైపు పెడితే పైపులు తీయకుండానే పిస్టన్‌ను పైకి లాగొచ్చని తేలింది. అలా వచ్చింది మార్క్ త్రీ. ఊరివాళ్లే ఇద్దరు ముగ్గురు కలిసి బాగుచేసుకోగల పంపు. లావు పైపుకు ఖర్చు ఎక్కువ కనుక అది మార్క్ టూ అంతగా పాకలేదు. అయినా ఆ పని నేర్పే పాఠం పెద్దది. ఒక డిజైన్ బిగించాక ఎలా పనిచేస్తోందో ఏళ్ల తరబడి చూసి, రాసి, మళ్లీ గీయడానికి ఎవరో జీతాలిచ్చారు. డిజైన్ బతకడమంటే అదీ.

ఇక తర్వాతి సంగతి. ఈ పంపు ఆఫ్రికా దేశాలకూ పోయింది. ఉగాండాలాంటి చోట దాన్ని తమ దేశ ప్రమాణంగా మార్చుకున్నారు. స్విట్జర్లాండ్‌లోని స్కాట్ సంస్థ డ్రాయింగులు భద్రపరిచి అందరికీ అందుబాటులో ఉంచింది. అయినా కొనేచోట తనిఖీ లేకపోవడంతో పల్చటి జింకు పూత ఉన్న పైపులు, నాసి భాగాలు చేరాయి. ఆమ్లగుణం ఉన్న నీళ్లలో ఇనుప పైపులు త్వరగా తుప్పు పట్టి, నీళ్లు ఎర్రగా వచ్చి, జనం ఆ పంపులను వదిలేసిన చోట్లున్నాయి. గ్రామీణ నీటి సరఫరా మీద పనిచేసే అంతర్జాతీయ బృందాలు ఇటీవలి సంవత్సరాల్లో దీని మీద వివరమైన అధ్యయనాలు చేశాయి. గీతలో తప్పు లేదు. గీతను కాపాడే మనుషులకు కట్టాల్సిన కూలి ఎగ్గొట్టారు. ఒకే డిజైన్ ఒక చోట బతికి, ఇంకో చోట చావడానికి కారణం అదే.

4. సింప్యూటర్ ఎందుకు ఆగింది

ఇప్పుడు రెండో ఉదాహరణ. 2001లో బెంగళూరులో సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్‌ను లోకానికి చూపించారు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్‌లు ఎన్‌కోర్ అనే కంపెనీ ఇంజనీర్లతో కలిసి దాన్ని రూపొందించారు. చదువు రాని రైతుకు కూడా మాట్లాడి చెప్పే యంత్రం కావాలన్నది ఆశయం. లినక్స్ మీద నడుస్తుంది. ఊరందరూ ఒకటే యంత్రం వాడుకుని, ఎవరి వివరాలు వారి స్మార్ట్ కార్డులో ఉంచుకోవచ్చు. ఆ రోజుల్లో అది ప్రపంచమంతా మెచ్చుకున్న ఆలోచన.

ఇంకా గొప్ప సంగతి ఏమిటంటే, సింప్యూటర్ హార్డ్‌వేర్‌కు ఒక ప్రత్యేక లైసెన్సు రాశారు. డిజైన్ ఎవరైనా తీసుకోవచ్చు. మార్పులు చేసి అమ్ముకుంటే, కొంత గడువు తర్వాత ఆ మార్పులను సింప్యూటర్ ట్రస్టుకు తిరిగి చెప్పాలి. సెర్న్ లైసెన్సు కన్నా పదేళ్ల ముందే మన దేశంలో హార్డ్‌వేర్ పంచుకునే చట్టబద్ధమైన దారి ఆలోచించారు. దీన్ని మనం గర్వంగా చెప్పుకోవాలి.

కానీ అమ్మకాలు కొన్ని వేల దగ్గరే ఆగాయి. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీతో అమిడా అనే సింప్యూటర్ బజారులోకి వచ్చేసరికి దాని ధర సుమారు పది వేల రూపాయలు. అంతకు ముందు ఏడాదే రిలయన్స్ 501 రూపాయలు కట్టి మొబైల్ ఫోన్ పట్టుకుపొమ్మని ప్రకటించింది. పల్లెకు కంప్యూటర్ ఫోన్ రూపంలో చేరడం మొదలైంది. బోరింగుకు ప్రభుత్వం ఏటా ఆర్డర్లు ఇచ్చింది. సింప్యూటర్‌కు అలాంటి నిలకడైన కొనుగోలుదారు దొరకలేదు. లక్షల్లో చేస్తేనే ధర తగ్గుతుంది, ధర తగ్గితేనే లక్షల్లో కొంటారు. ఈ ముడి విప్పడానికి ఒక పెద్ద చేయి ముందుకు రావాలి. ఆ చేయి రాలేదు.

సింప్యూటర్ విఫలమైందని చేతులు దులుపుకునేవాళ్లతో నేను ఏకీభవించను. దాని ఆలోచనలో ఓటమి లేదు. దాని చుట్టూ మనం ఏర్పాట్లు కట్టలేదు, అంతే.

5. నకలు చేసేవాడి భయం

ఓపెన్ హార్డ్‌వేర్ చేసే చిన్న కంపెనీల్లో ఇంకో బాధ ఉంటుంది. డిజైన్ బయట పెట్టిన మర్నాడే ఇంకెవరో నకలు చేసి తక్కువకు అమ్ముతారు. అసలు చేసినవాడు పరిశోధన ఖర్చు ఎలా రాబట్టుకోవాలి?

ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బౌయర్ 2005లో రెప్‌రాప్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. తన భాగాల్లో కొన్నిటిని తానే అచ్చువేసుకునే త్రీడీ ప్రింటర్ అది. ఇవాళ మన పాలిటెక్నిక్ ల్యాబుల్లో కనిపించే చవక ప్రింటర్లలో చాలావాటికి మూలం ఆ పనే. దాన్ని ఆధారం చేసుకుని పుట్టిన మేకర్‌బాట్ కంపెనీ 2012లో తన కొత్త ప్రింటర్ డిజైన్ మూసేసింది. ఆ మరుసటి ఏడాది దాన్ని స్ట్రాటసిస్ అనే కంపెనీ కొనుక్కుంది. ఓపెన్ పద్ధతికి చాలాకాలం కట్టుబడిన చెక్ దేశపు ప్రూసా కంపెనీ కూడా 2023లో తన కొత్త ప్రింటర్ ఎలక్ట్రానిక్స్ డిజైన్‌ను బయట పెట్టడం ఆపింది.

వీళ్లను ద్రోహులని తిట్టడం సులువు. నాకు మాత్రం వాళ్ల సంకటం అర్థమవుతుంది. వర్క్‌షాపు అద్దె కట్టాలి, పనివాళ్లకు జీతాలివ్వాలి. అందరి మేలు కోసం ఒక్కరే నష్టపోవాలని ఏ సమాజమూ ఎక్కువకాలం అడగలేదు. అడిగితే ఆ ఒక్కడు కూడా తలుపు మూస్తాడు.

ఇటలీలో 2005లో మొదలైన ఆర్డ్వీనో ఎలక్ట్రానిక్స్ బోర్డు ఇంకో దారి చూపించింది. బోర్డు డిజైన్ అందరికీ ఇచ్చారు. ఆర్డ్వీనో అన్న పేరు మాత్రం ట్రేడ్‌మార్క్‌గా ఉంచుకున్నారు. నకలు ఎవరైనా చేయవచ్చు, ఆ పేరుతో అమ్మకూడదు. ఆ పేరు విలువతోనే కంపెనీ బతికింది. అయితే ఆ పేరు ఎవరిదన్న దాని మీద వ్యవస్థాపకుల మధ్యే గొడవ వచ్చి, 2016లో గానీ సర్దుబాటు కాలేదు. 2025 అక్టోబరులో ఆర్డ్వీనోను కొంటున్నట్టు క్వాల్‌కామ్ ప్రకటించింది. డిజైన్ అందరిది అయినా, దాన్ని పోషించే సంస్థ ఎవరి చేతిలో ఉందన్నది చివరికి లెక్కలోకి వస్తుంది.

6. చిప్పులు, కళ్లు

ఆశయం పెద్దదైన కొద్దీ ఖర్చు పెద్దదవుతుంది. ఐఐటీ మద్రాసులో వి. కామకోటి ఆధ్వర్యంలో 2014లో శక్తి ప్రాసెసర్ పని మొదలైంది. రిస్క్-ఫైవ్ అనే ఓపెన్ ఆదేశాల సముదాయం మీద కట్టిన ప్రాసెసర్ అది. డిజైన్ ఎవరైనా వాడుకోవచ్చు. కానీ డిజైన్ గీయడానికి కంప్యూటర్ చాలు, చిప్ అచ్చువేయడానికి వేల కోట్ల ఫ్యాక్టరీ కావాలి. 2018లో ఒక చిప్ అమెరికాలో ఇంటెల్ ఫ్యాక్టరీలో తయారైంది. ఇంకొకటి మన దేశంలోనే మొహాలీలోని సెమీకండక్టర్ లాబొరేటరీలో తయారైంది. 2025లో ఇస్రోతో కలిసి ఐరిస్ అనే చిప్‌ను అభివృద్ధి చేసినట్టు ప్రకటించారు. కేంద్ర ప్రభుత్వం నిధులిచ్చింది, ప్రభుత్వ ల్యాబు అచ్చువేసింది, అంతరిక్ష సంస్థ వాడడానికి ముందుకొచ్చింది. ఆ బృందంలోని వాళ్లే కొందరు ఇన్‌కోర్ అనే కంపెనీ పెట్టుకున్నారు. బోరింగును నిలబెట్టిన ఏర్పాట్లే ఇక్కడ కొత్త వేషంలో కనిపిస్తాయి. ఒక ప్రమాణం, ఒక తయారీదారు, ఒక కొనుగోలుదారు, జీతం తీసుకుంటూ దాన్నే చూసుకునే మనుషులు.

మన హైదరాబాద్‌లోనూ మంచి ప్రయత్నాలు జరిగాయి. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోని సృజన కేంద్రంలో యువ ఇంజనీర్లు రెటీనా ఫొటో తీసే చవక పరికరాన్ని చేశారు. దాని పేరు ఓపెన్ ఇండైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, త్రీడీ ప్రింటులో చేసిన ఒళ్లు, ఒక లెన్సు. షుగరు వల్ల కంటి వెనుక వచ్చే జబ్బును పల్లెలోనే గుర్తించాలన్నది ఆశ. డిజైన్ బయట పెట్టారు.

ఇలాంటి వైద్య పరికరాలు ఎదుర్కొనే గోడలు రెండు. ఒకటి అనుమతి. 2017 వైద్య పరికరాల నిబంధనలు, 2020 ఏప్రిల్ నుంచి అన్ని పరికరాలనూ వాటి కిందికి తెచ్చిన ఉత్తర్వు రోగి భద్రత కోసం వచ్చినవి, అవసరమైనవి. కానీ లైసెన్సు డ్రాయింగుకు రాదు, తయారు చేసేవాడికి వస్తుంది. పరీక్షలు చేయించి, కాగితాలు పెట్టి, ఏదైనా జరిగితే నేనున్నానని పూచీ పడేవాడు ఒకడు కావాలి. రెండోది విడిభాగాలు. 2021, 2022ల్లో చిప్పుల కొరత వచ్చినప్పుడు రాస్ప్‌బెర్రీ పై బోర్డులు దొరకడమే కష్టమైంది. ఒక బోర్డు మీద కట్టిన డిజైన్, ఆ బోర్డు ఆగిపోతే ఆగిపోతుంది. దానికి బదులేమిటో వెతికి, మళ్లీ పరీక్షించి, డ్రాయింగు మార్చే పని ఏటా ఉంటుంది. ఏ పోటీలోనూ దానికి బహుమతి ఉండదు.

2023 మార్చిలో హైదరాబాద్ రాయదుర్గంలో టీ-వర్క్స్ అనే నమూనాల కేంద్రం తెరిచారు. నమూనా చేయడానికి అంత మంచి చోటు ఉండడం రాష్ట్రానికి మేలు. ఇప్పుడు మనం అడగాల్సింది నమూనా తర్వాతి పదేళ్ల సంగతి.

7. మన జిల్లాల్లో ఏం చేయొచ్చు

ఆలేరు మండలం శారాజీపేట చేనేత బిడ్డ చింతకింది మల్లేశం తల్లి చేతుల నొప్పి చూడలేక, నేతకు ముందు నూలును చేత్తో పోసే ఆసు పనికి యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పేటెంటు తీసుకున్నారు, ఆ దారి ఆయనది. నాకు ఆయన కథలో ముఖ్యంగా కనిపించేది, యంత్రం చేసిన మనిషే నేతన్నల ఇళ్లకు పోయి దాన్ని నడిపించి, బాగుచేసి, మెరుగు పరుస్తూ వచ్చారు. యంత్రం వెనుక మనిషి నిలబడ్డాడు. ఓపెన్ డిజైన్‌లో అలా నిలబడే మనిషిని సమాజమే ఏర్పాటు చేయాలి.

దానికి దారి మన ప్రాంతానికి తెలియనిది కాదు. వాంకిడిలో 1915లో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ చేనేత కార్మికులను సహకార సంఘాలుగా కూడగట్టడానికి జీవితాంతం పనిచేశారు. 1956లో పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథ రెడ్డి పెట్టిన సహకార సంఘం ఈ రోజుకూ నడుస్తోంది. రైతులే సభ్యులుగా కలిసి దాన్ని నిలబెట్టారు. ఓపెన్ డిజైన్‌లకూ అదే పద్ధతి పెట్టుకోవచ్చు. ఒక డిజైన్ వాడుకుని యంత్రాలు చేసే వర్క్‌షాపులన్నీ ఒక సంఘంగా కలవాలి. అమ్మిన ప్రతి యంత్రం మీద చిన్న వంతు సంఘానికి కట్టాలి. ఆ డబ్బుతో ఒక ఇంజనీరు డ్రాయింగులు చూసుకోవాలి, ఒక మనిషి తనిఖీ చేయాలి, సంఘం ముద్ర పాసైన యంత్రానికే పడాలి. డిజైన్ అందరిది, ముద్ర మాత్రం సంఘానిది. ముద్ర చూసి కొనేవాడు నమ్ముతాడు, నకలు చేసేవాడు కూడా సంఘంలో చేరితే లాభమని తెలుసుకుంటాడు.

ప్రభుత్వానికి నా విన్నపం ఇది. టెండరులో అందరికన్నా తక్కువ ధర ఒక్కటే చూడకండి. పదేళ్లు విడిభాగాలు దొరుకుతాయా, డ్రాయింగులు జిల్లా కేంద్రంలో ఉంటాయా, రిపేరు చేసేవాళ్లకు శిక్షణ ఉందా అని కూడా చూడండి. పథకం ఖర్చులో రిపేరు భాగాన్ని మొదటే విడదీయండి. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లాలు ఊరూరికీ వచ్చాయి. అయినా కరెంటు పోయిన రోజున, పైపు పగిలిన వారంలో జనం పోయేది బోరింగు దగ్గరికే. ఆ బోరింగును పాత సామానుగా లెక్కకట్టి వదిలేయకండి. దాని మెకానిక్‌కు నెల నెలా జీతం ఇవ్వండి.

విద్యార్థులకు ఒక మాట. మీ చివరి ఏడాది ప్రాజెక్టును పరీక్ష అయ్యాక అలమారలో పెట్టేయకండి. డ్రాయింగు, విడిభాగాల జాబితా, ఏ భాగం ఎక్కడ దొరుకుతుంది, ఏది మొదట పోతుంది, ఎలా మార్చాలి అన్నీ తెలుగులో రాసిపెట్టండి. మీ తర్వాతి బ్యాచ్ మీరు ఆగిన చోట అందుకోవాలి. కొత్త యంత్రం కనిపెట్టినవాడికి ఇచ్చే మర్యాద, ఉన్న యంత్రాన్ని పదేళ్లు నడిపించినవాడికి కూడా ఇవ్వడం అలవాటు చేసుకోండి. సారు మీ సీనియర్లకు నేర్పిన విద్య ఆ రెండోదే.

సారు పేరు మీది ఈ స్మారక నిధి నిర్వాహకులను చివరగా ఒకటి అడుగుతున్నాను. వచ్చే ఏడాది నుంచి నిధిలో కొంత భాగంతో మన జిల్లా రైతులకు, ఆడబిడ్డలకు పనికొచ్చే ఒక ఓపెన్ డిజైన్ యంత్రాన్ని ఎంచుకోండి. దాన్ని చూసుకునే పనికి ఒక యువ ఫిట్టర్‌ను జీతమిచ్చి పెట్టండి. ఐదేళ్ల తర్వాత ఆ యంత్రం ఎన్ని ఊళ్లలో నడుస్తోందో, ఎన్ని చోట్ల ఆగిందో, ఎందుకు ఆగిందో ఈ వేదిక మీద ఆ ఫిట్టరే చెప్పాలి. అప్పుడు ఉపన్యాసం నాలాంటివాళ్లు ఇవ్వనక్కర్లేదు.